బుంగడి వంతు

మద్రాసు సాలిగ్రామంలో ఆ మూడో అంతస్తు ఫ్లాట్లో ఆదివారం పొద్దున్న అందరికంటే ముందు ఫలహారం అందేది బుంగడికే. ఇంటాయన రఘురామ్ స్నానం చేసి వచ్చి, దేవుడికి దణ్ణమైనా పెట్టుకోకుండా, హాల్లో చేపల ట్యాంకు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఆ ఆదివారమూ అలాగే కూర్చున్నాడు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని వంటింట్లోంచి భార్య హైందవి రెండుసార్లు పిలిచినా పలకలేదు. చేతిలో పొడుగాటి స్టీలు పటకారు, దాని కొసన పెంకు తీయని రొయ్య. ఊపిరి కూడా ఆచితూచి తీస్తున్నాడు.

బుంగడంటే పఫర్ చేప. గుండ్రటి పొట్ట, ఒంటినిండా నల్ల చుక్కలు, ఒకటి ఇటు చూస్తుంటే ఒకటి అటు చూసే కళ్ళు. భయమేస్తే ఒళ్ళంతా బుంగలా ఉబ్బించుకుంటుందని ఎక్కడో చదివి రఘురామ్ కూతురు అమ్ములు ఆ పేరు పెట్టింది. ఇంటికొచ్చాక అది ఒక్కసారీ ఉబ్బిన పాపాన పోలేదు గానీ పేరు నిలిచిపోయింది. కొళత్తూరు చేపల దుకాణంవాడు, మీ ట్యాంకులో ఉన్న ఆస్కార్ చేపలతో హాయిగా కలిసిపోతుంది సార్ అని చెప్పి మరీ అంటగట్టాడు. అమ్మేవాడు ఏం చెప్పడు కనక. ఆ ఆస్కార్లు ఒక్కొక్కటీ అరచేయంత ఉంటాయి. మేత నీళ్ళని తాకీ తాకకముందే నోట్లో వేసుకుంటాయి.

బుంగడికి ఆ తొందర చేతకాదు. మేతని ముందు ఒక కంటితో చూస్తాడు. పక్కకి తిరిగి రెండో కంటితో చూస్తాడు. కాస్త వెనక్కి వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. అప్పటికి మేత ఉండదు. అందుకని రఘురామ్ ఒక పద్ధతి పెట్టాడు. ముందు ట్యాంకు ఎడమ మూల గుప్పెడు మేత గుళికలు చల్లుతాడు. ఆస్కార్లు అటు ఎగబడగానే కుడి మూల పటకారు దించి, చెయ్యి కదపకుండా బుంగడి ముందు పట్టుకుంటాడు. వాడు చూసుకుని, మనసు కుదిరి, కటుక్కున పెంకు కొరికేదాకా అలాగే ఉంటాడు. గట్టి పెంకు కొరికితేనే వాడి పళ్ళు అరుగుతాయట, లేకపోతే గోళ్ళలా పెరిగిపోతాయట.

ఆ ఇంట్లో గుడ్డు కూడా రాదు. అయినా రఘురామ్ వారంవారం తెల్లారకుండానే బండి తీసి రాయపురం చేపల రేవుకి పోయి రొయ్యలు తెస్తాడు. అవి దాచడానికి బాల్కనీలో విడిగా చిన్న ఫ్రిజ్జు కొన్నాడు. మిక్సీ మార్చమని తను ఆర్నెల్లు అడిగితే గానీ మార్చని మనిషి, చేపకి ఫ్రిజ్జు ఒక్కరోజులో కొన్నాడని హైందవి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రఘురామ్ నవ్వేసేవాడు. నోరులేని ప్రాణిని తెచ్చి పెట్టుకున్నాక దాని కడుపు చూసుకోవద్దా అనేవాడు.

అతని వెనక సోఫాలో పేపరు పట్టుకుని కూర్చునే పెద్దాయన అతని తండ్రి సుందరరామమూర్తి. కుర్రతనంలో తెనాలి నుంచి మద్రాసు వచ్చి, తెలుగు సినిమాలకి ప్రొడక్షన్ మేనేజరుగా జీవితమంతా గడిపినవాడు. సినిమాలన్నీ హైదరాబాదు తరలిపోయినా ఆయన ఈ వీధులు వదల్లేదు. భార్య పోయాక కొడుకు దగ్గరే ఉంటున్నారు. షూటింగుల్లో భోజనాల ఏర్పాటంతా ఆయన చేతిమీదే నడిచేది. పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారే లేవాలన్నది ఆయన నియమం. నిర్మాతకైనా లైట్‌మెన్‌కైనా అదే. ఆ నియమం ఇంటికీ వచ్చింది, కొడుకు సంసారంలోనూ నిలిచింది. మా ఇంట్లో ఇప్పటికీ అందరం కలిసి కూర్చుని కలిసి లేస్తాం అని ఆఫీసులో చెప్పుకుని రఘురామ్ మురిసిపోయేవాడు.

కిందటేడు పెద్దాయనకి చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గింది. నడక కుదుటపడింది గానీ కుడిచెయ్యి వణుకుతుంది, నమలడం మింగడం నెమ్మదించాయి. ఈమధ్య మనిషి మరీ చిక్కిపోయారు. చొక్కాలు హేంగరుకి తగిలించినట్టు వేలాడుతున్నాయి. రఘురామ్ ఊరుకోలేదు, పేరున్న డాక్టర్లకి చూపించాడు. రక్తం తీశారు, స్కాన్లు తీశారు, గొంతులోకి గొట్టం వేసి మరీ చూశారు. అన్నీ బాగున్నాయన్నారు. ఆకలి పుట్టడానికి ఒక టానిక్కు రాసిచ్చారు. రోజూ రాత్రి ఆ టానిక్కు మూతలో పోసి రఘురామే ఇస్తాడు. ఆయన కాదనకుండా తాగుతారు.

పదకొండింటికి హైందవి అన్న సాయిరామ్ వచ్చాడు. దగ్గర్లోనే ఒక స్టూడియోలో డబ్బింగ్ ఇంజనీరు. చెల్లెలి ఇంట్లో ఆదివారం భోజనమంటే అతనికి ప్రాణం. కూర్చోగానే రఘురామ్ అతన్ని ట్యాంకు ముందుకి లాక్కెళ్ళి బుంగడి కథ మొదలుపెట్టాడు. హైందవి ఆ కథ ఇప్పటికి చాలాసార్లు విన్నది కాబట్టి వంకాయలు తరుక్కోవడానికి లోపలికి పోయింది.

"మొదట్లో వీడి పొట్ట లోపలికి పోయింది బావా. ఏదో రోగమనుకుని నీళ్ళలో మందులు పోశాను. నీళ్ళు పరీక్ష చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి, వీడు మాత్రం ఎండిపోతున్నాడు. చివరికి ఒకరోజు ఓపిగ్గా కూర్చుని చూస్తే అర్థమైంది. వీడు తినక కాదు. చూసుకుని నోరు తెరిచేలోపు అవతలివాళ్ళ భోజనాలు అయిపోతున్నాయి."

సోఫాలోంచి సుందరరామమూర్తి పేపరు కాస్త దించారు. "అయితే వాడికి జబ్బేం లేదన్నమాట."

"ఏమీ లేదు నాన్నా. ఆకలి. అంతే."

"అడగలేడు కదా పాపం" అని ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

సాయిరామ్ ఆయన వంక ఒకసారి చూసి, ఏదో అనబోయి మానుకున్నాడు. రఘురామ్ అది గమనించలేదు. బుంగడు రొయ్య పెంకు ఉమ్మేసే తీరు గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది.

ఒంటిగంటకి అందరూ టేబుల్ దగ్గర చేరారు. గుత్తివంకాయ, కందిపప్పు, చారు, గడ్డపెరుగు. సాయిరామ్ ఆవురావురుమంటూ తిన్నాడు. రఘురామ్ మామూలుగానే గబగబా తింటాడు. ఆఫీసు మీటింగుల మధ్య తినీ తినీ అలవాటైన చెయ్యి, ఆదివారమైనా ఆగదు. అమ్ములు తిండి కన్నా ముందు టీవీ మీద ధ్యాసపెట్టి నాలుగు ముద్దలు మింగింది. పెద్దాయన పప్పన్నం కలుపుకుంటున్నారు. వణికే వేళ్ళతో ముద్ద చేస్తే సగం జారిపోతుంది, మళ్ళీ కూర్చి నోటిదాకా తెస్తారు, నమిలి మింగడానికి కొంచెం సేపు పడుతుంది. ఆయన పప్పన్నంలో ఉండగానే మిగతావాళ్ళు చారు దాటి పెరుగులోకి వచ్చేశారు.

"నాన్నకి కూడా పెరుగు వేసెయ్ హైందవీ" అన్నాడు రఘురామ్, పెరుగన్నం చివరి ముద్ద తీసుకుంటూ. ప్రేమగానే అన్నాడు. హైందవి వేసింది. పెద్దాయన పప్పన్నాన్ని కంచం అంచుకి నెట్టి, పెరుగన్నం రెండు ముద్దలు తిన్నారో లేదో, రఘురామ్ లేచాడు. ఆయనా లేచారు. అందరూ కలిసే చేతులు కడుక్కున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి ఇల్లు ఎక్కడుంది బావా అని సాయిరామ్ మెచ్చుకుంటే, రఘురామ్ అదంతా నాన్న నేర్పిందే అన్నాడు.

వక్కపొడి నోట్లో వేసుకుని సాయిరామ్ బావని బాల్కనీలోకి పిలిచాడు. రొయ్యల ఫ్రిజ్జు మీద చెయ్యి ఆనించి కాసేపు ఎండ గురించి మాట్లాడాడు. ఆ తర్వాత, తప్పుగా అనుకోవద్దంటూ అసలు సంగతి బయటపెట్టాడు. స్టూడియోల వెనక సందులో నాగప్పన్ అని ఒకతను మెస్సు నడుపుతాడు. ఒకప్పుడు సుందరరామమూర్తి గారి కింద వడ్డన చేసినవాడే. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, మూడు దాటాక, పెద్దాయన అక్కడ బెంచీ మీద కూర్చుని భోంచేస్తున్నారు. సాయిరామ్ ఒకసారి చూసి ఏదో అనుకున్నాడు, మళ్ళీ చూశాడు. స్టూడియోలో అడిగితే, రోజూ వస్తారన్నారు. నాగప్పన్ ఆయన దగ్గర డబ్బు తీసుకోడట. కొడుకు పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు కదా, ఇంట్లో అన్నం పెట్టరా అని లైట్‌మెన్ చెప్పుకుంటున్నారట.

రఘురామ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. సాయంత్రం వాకింగ్ మంచిదని డాక్టరు చెబితే, ఎండ తగ్గకుండానే బయల్దేరే తండ్రిని చూసి క్రమశిక్షణ అనుకున్నాడు ఇన్నాళ్ళూ. సాయిరామ్‌కి అక్కడ నిలబడటం కష్టమై, పనుందని చెప్పి వెళ్ళిపోయాడు. తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి రఘురామ్‌కి సిగ్గు ఒళ్ళంతా పాకింది. సిగ్గు ఎక్కువసేపు సిగ్గులా ఉండదు కొంతమందికి, కోపమైపోతుంది. అతనికీ అదే అయింది.

పెద్దాయన సోఫాలోనే ఉన్నారు. రఘురామ్ ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"నాన్నా, రోజూ మధ్యాహ్నం ఎక్కడికి వెళ్తున్నావు?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కొడుకు గొంతు విన్నాక దాచడం దండగనుకున్నారేమో. "నాగప్పన్ దగ్గరికి."

"ఏం చేస్తావక్కడ?"

"కూర్చుంటాను." కాసేపాగి, "సాపాటు చేస్తాను" అన్నారు.

వంటింట్లోంచి హైందవి తడిచేతులతో బయటికొచ్చింది. విషయం అర్థమయ్యేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నే లేచి వండుతోంది, మధ్యాహ్నం ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో ఆయన ఒంటరిగా తినకూడదని తన మీటింగు మధ్యలో ఆయనతోపాటే కూర్చుని తింటోంది. ఇంతా చేస్తే ఊళ్ళో తనకి వచ్చే పేరు ఇదా అనిపించింది. "ఏం లోటు చేశాను మావయ్యగారూ? కారం ఎక్కువవుతోందా? చెబితే మార్చనా?"

"నీ వంటకి వంక పెడితే నా కళ్ళు పోతాయమ్మా" అన్నారాయన, కంగారుగా. "నీ తప్పేం లేదు."

"మరెవరి తప్పు? చెప్పు నాన్నా." రఘురామ్ గొంతు లేచింది. "లైట్‌మెన్ నోళ్ళల్లో పడ్డాం. బావ ముందు తలెత్తుకోలేకపోయాను. ఒకప్పుడు యూనిట్ యూనిట్‌కీ అన్నం పెట్టినవాడివి. ఇవాళ నీ కింద పనిచేసినవాడి బెంచీ మీద చెయ్యి చాపి తింటున్నావు. సిగ్గనిపించట్లేదా నీకు?"

గదిలో అమ్ములు టీవీ కట్టేసింది. పెద్దాయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నారు. వణుకు కనపడకుండా ఉండాలన్నప్పుడు ఆయన అలాగే పట్టుకుంటారు.

"అనిపించిందిరా" అన్నారు నెమ్మదిగా. "మొదటిరోజు చాలా అనిపించింది. ఇక వెళ్ళనులే."

లేచి తన గదిలోకి వెళ్ళారు. తలుపు కూడా చప్పుడు కాకుండా మూశారు. రఘురామ్ గెలిచినవాడిలా నిలబడ్డాడు, గెలిచిన సంతోషం మాత్రం ఎక్కడా దొరకలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెత ఎవరిని చూసి పుట్టిందో గానీ, ఆ పూట ఆ హాల్లో అతనికి బాగా నప్పింది. అతనికింకా ఆ సంగతి తెలీదు, అంతే.

సాయంత్రం బుంగడికి రెండో మేత. రఘురామ్ స్టూలు మీద కూర్చున్నాడు గానీ మనసు అక్కడ లేదు. ఎడమ మూల గుళికలు చల్లడం మర్చిపోయి సరాసరి పటకారు దించాడు. బుంగడు వచ్చి ఒక కంటితో చూశాడు. తిరుగుతున్నాడు. విసుగొచ్చి రఘురామ్ రొయ్యని వాడి మూతికి తగిలించాడు. వాడు బెదిరి రాయి వెనక్కి పోయాడు. అంతలో పెద్ద ఆస్కార్ వచ్చి రొయ్యని పటకారులోంచి లాక్కుపోయింది. ఇంకోటి పెట్టాడు, అదీ పోయింది.

"తొందరపెడితే తినడని నువ్వే చెప్పావు కదా నాన్నా" అంది అమ్ములు వెనక నుంచి.

నోరు మూసుకో అనబోయి, ఎందుకో అనలేక, ఆ పటకారు బకెట్లో పడేసి లేచి వెళ్ళిపోయాడు. ఈ పూటకి బుంగడు పస్తే. రాయి వెనకనుంచి ఒక కన్ను మాత్రం కనిపిస్తోంది. రఘురామ్ దానివైపు చూడలేదు.

ఎనిమిదింటికి హైందవి కంచాలు పెట్టింది. ఆకలి లేదని పెద్దాయన గదిలోంచి కబురు పంపారు. అమ్ములు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒకరు తక్కువైతే ఆ ఇంట్లో పంక్తి మొదలవదు, అదీ ఆయన పెట్టిందే. వచ్చి కూర్చున్నారు, ఎవరి మొహమూ చూడలేదు. రోజూ ఫోను పక్కన పెట్టుకుని తినే రఘురామ్ ఆ రాత్రి ఫోను తెచ్చుకోలేదు. చూడ్డానికి ఇంకేమీ లేక తండ్రి కంచం చూశాడు.

ఆయన పప్పన్నం కలిపారు. ముద్ద చేశారు. జారింది. దాన్ని ఒకసారి చూసుకుని, మళ్ళీ కూర్చారు. నోట్లో పెట్టుకున్నారు. నమిలారు, ఆగారు, మళ్ళీ నమిలారు. మింగాక ఒక్క క్షణం విశ్రాంతి. ఇంకో ముద్దకి చెయ్యి వెళ్ళింది. అక్కడ అన్నం మీద అనిష్టమేమీ కనపడలేదు రఘురామ్‌కి. పైపెచ్చు ఎంత ఇష్టంగా తింటున్నారో కనపడింది. ఇంతలో అలవాటు కొద్దీ రఘురామ్ కంచం ఖాళీ అయి, హైందవి అలవాటు కొద్దీ పెరుగు గిన్నె తెచ్చి అతనికి వేసింది. పెద్దాయన కొడుకు కంచంలో పెరుగు చూశారు. చూడగానే ఆయన చెయ్యి తొందరపడింది. కలుపుకున్న పప్పన్నం, ముట్టని బీరకాయ కూర, అన్నీ కంచం అంచుకి నెట్టేశారు.

"నాకూ పెరుగు వేసెయ్యమ్మా" అన్నారు.

ఇవాళ ఎవరూ చెప్పలేదు వేసెయ్యమని. ఆయనే అనేశారు.

రఘురామ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అంచున నెట్టిన అన్నం వంక చూస్తూ ఉండిపోయాడు. ఈ అన్నం రోజూ ఇలాగే ఉంటోంది. పనిమనిషి అమ్మాసి అది చూసి, తాతయ్య అన్నం మిగులుస్తున్నారమ్మా అని హైందవికి చెప్పింది. హైందవి అతనికి చెప్పింది. వయసు కదా, తినలేకపోతున్నారు అని తనే తీర్పు చెప్పి టానిక్కు తెచ్చాడు. ఆయన రక్తం చూశారు, గొంతు లోపల చూశారు, కంచం ఒక్కటే ఎవరూ చూడలేదు. పొద్దున్న తను బావకి చెప్పిన కథ మాట మాటా గుర్తొచ్చింది. వీడు తినక కాదు. జబ్బేం లేదు, ఆకలి అంతే. ఆ మాట అన్నప్పుడు తండ్రి పేపరు దించి తన మొహంలోకి చూశారు. అడగలేడు కదా పాపం అన్నారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది రఘురామ్ పని. చేపకి ఫ్రిజ్జు కొన్నవాడు. చేపకోసం చెయ్యి కదపకుండా కూర్చునేవాడు. కన్నతండ్రిని సిగ్గులేదా అని అడిగినవాడు. కూర్చున్న కుర్చీలోనే కుంచించుకుపోయాడు.

సిగ్గుపడుతున్నకొద్దీ ఎప్పటిదో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో తండ్రితో ఎన్నూరు దగ్గర షూటింగుకి వెళ్ళాడు. ఇసుకలో చాపలు పరిచి అరిటాకులు వేశారు. అంతోని అని పళ్ళూడిన ముసలి లైట్‌మన్, మెతుకు మెతుకూ నమిలి తింటున్నాడు. అందరివీ అయిపోయాయి, ఎండ మాడుతోంది, నిర్మాత అసహనంగా కదులుతున్నాడు. అంతోని బిక్కచచ్చిపోయి ఆకు మడవబోయాడు. అప్పుడు తన తండ్రి, కడుపు నిండా తిని ఉన్న మనిషి, వడ్డనవాణ్ణి పిలిచి తన ఆకులో మళ్ళీ అన్నం వేయించుకున్నాడు. చారు పోయించుకున్నాడు. నాకింకా ఆకలిగా ఉంది, కాస్త కూర్చోండి సార్ అని నిర్మాతకి నవ్వుతూ చెప్పి, అంతోని ముగించేదాకా ఒక్కో మెతుకూ తింటూ కూర్చున్నాడు. పిల్లవాడు రఘు అది చూసి, మా నాన్న ఎంత తింటాడో అనుకున్నాడు. పంక్తి కలిసి లేవాలన్న నియమం ముందు తినేసినవాళ్ళని కూర్చోబెట్టడానికి పెట్టింది. అతనికి అందులో లేవడమే గుర్తుంది.

పెరుగన్నం అయిపోయింది. లేవాలి. పెద్దాయన అతను లేస్తాడని ఎడమచెయ్యి అప్పుడే టేబుల్ అంచున ఆనించారు, లేవడానికి. రఘురామ్ లేవలేదు.

"హైందవీ, నాకు కాస్త అన్నం వెయ్యి. పప్పు కూడా."

హైందవి వింతగా చూసింది. పెరుగన్నం తిన్నాక పప్పేమిటి. అడగబోయి, భర్త కళ్ళు చూసి, ఆ కళ్ళు చూస్తున్న మామగారి కంచం అంచు చూసి, ఆగిపోయింది. ఆమెకీ అర్థమైంది. మీటింగు టైమైందని తను లేస్తే, వెంటనే ఆయనా లేచిన మధ్యాహ్నాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. అన్నం వేసింది, పప్పు వేసింది. తర్వాత తన కంచంలోనూ వేసుకుని కూర్చుంది. చెయ్యి కడుక్కోవడానికి లేచిన అమ్ములు వాళ్ళిద్దర్నీ చూసి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది.

రఘురామ్ పప్పన్నం కలిపి, చిన్న ముద్ద చేసి, నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు.

సుందరరామమూర్తి కొడుకు వంక చాలాసేపు చూశారు. "నీకు ఆకలి లేదు కదరా."

"ఉంది నాన్నా."

"అబద్ధం" అన్నారాయన. "అదీ నా దగ్గరే నేర్చావు."

రఘురామ్‌కి ఇక ఆగలేదు. ఎంగిలి చెయ్యి కంచంలో ఉండగానే తలవంచుకుని ఏడ్చాడు. మధ్యాహ్నం అన్న మాట వెనక్కి తీసుకోవడానికి వీలుంటే బాగుండునన్నాడు. క్షమించమని అడిగే మొహం కూడా లేదన్నాడు. ఒక్కమాట చెబితే పోయేది కదా, నాకోసం ఆగండర్రా అనొచ్చు కదా అని హైందవి కళ్ళు తుడుచుకుంటూ అంది.

"ఎలా అనమంటావమ్మా" అన్నారాయన. "పొద్దున్న లేస్తే వాడికి ఆఫీసు, నీకు మీటింగు, పిల్లకి బడి. నేనెప్పుడూ ఎవర్నీ ఆకు ముందు కాపలా కూర్చోబెట్టలేదు. మీరు మంచివాళ్ళు, అడిగితే కూర్చుంటారు. గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. అది చూస్తూ నాకు ముద్ద దిగదు. నాగప్పన్ దగ్గర ఆ బాధ లేదు. అక్కడ పంక్తే లేదు. 'ఈడ మీకోసరం లేసేవాళ్ళూ లేరు, కూసునేవాళ్ళూ లేరు, నిదానంగా తినండి సామీ' అని వాడు వెళ్ళి గిన్నెలు కడుక్కుంటాడు. ఒక్కణ్ణే తింటాను."

ఒక్కణ్ణే అన్న మాట రఘురామ్‌కి అన్నిటికన్నా ఎక్కువ తగిలింది. ఇంతమంది ఉన్న ఇంట్లో కలిసి తినడం ఆయనకి పస్తు, సందులో ఒంటరి బెంచీ ఆయనకి భోజనం. జన్మంతా పంక్తులు నడిపిన మనిషికి.

"రేపు నేనూ వస్తాను నాగప్పన్ దగ్గరికి" అన్నాడు, భుజానికి కళ్ళు తుడుచుకుని. "చెప్పకుండా మానేస్తే ఎదురుచూస్తాడు. అతనికి దణ్ణం పెట్టాలి నేను."

"దణ్ణాలెందుకు. ఒక పూట పిలిచి భోజనం పెట్టు, చాలు." ఆయన కంచం వైపు తిరిగారు. "తినేటప్పుడు ఏడవకూడదు. అన్నం ముందు అది మర్యాద కాదు. తిను."

తిన్నారు. అంచుకి నెట్టిన పప్పన్నాన్ని సుందరరామమూర్తి మళ్ళీ మధ్యకి లాక్కున్నారు. ఒక్కో ముద్దా కూర్చుకుంటూ, జారితే జారనిస్తూ, బీరకాయ కూర నంచుకుంటూ తిన్నారు. ఆయన చెయ్యి కంచంలో ఉన్నంతసేపూ రఘురామ్ తన చెయ్యి కంచంలోంచి తీయలేదు. హైందవి గోడమీద గడియారానికి వీపు పెట్టి కూర్చుంది. అమ్ములు చేసేదేం లేక కంచంలో మెతుకులు లెక్కపెడుతోంది. ఆస్కార్లు అటూ ఇటూ గిరగిరా తిరుగుతున్నాయి. రాయి వెనకనుంచి బుంగడు కొంచెం బయటికి వచ్చాడు. భోజనాలయ్యాక వాడికి పటకారు పట్టుకోవాలి, ఎంతసేపైనా సరే అనుకున్నాడు రఘురామ్.

పప్పన్నం అయిపోయింది. పెద్దాయన కాసేపు ఆగి, ఖాళీ అయిన కంచం మధ్యభాగం చూసుకున్నారు. చూసి, తలెత్తకుండానే, కాస్త సిగ్గుపడుతూ అడిగారు.

"చారుందామ్మా? చారన్నం తిని చాలా రోజులైంది."

హైందవి గిన్నె తీసుకుని ఆయన పక్కకి వచ్చింది. వడ్డించి, గరిటె కింద పెట్టకుండా అక్కడే నిలబడింది.